రిమార్కుల గడి

ఫారంలో పద్నాలుగు గడులున్నయి.
బోరు లోతు, కేసింగు ఎంత దిగింది,
నీళ్లు ఎన్ని మీటర్ల కింద తగిలినయి,
గుంత అంచు నుంచి ఎంత దూరం,
అన్నీ అంకెలే అడుగుతయి.
ఆఖరుది మాత్రం అగ్గిపెట్టెంత,
రిమార్కులు.

చిట్యాల దాటి, రోడ్డు విడిచి, కంకర తొక్కుకుంట పోతే
పాలకంచెల.
ఊరికి పడమట, మూతబడ్డ రాతి క్వారీ.
మూసీ కత్వ ముందర పేరుకున్న పూడిక తీసి
రెండు నెలల సంది దాంట్లనే పోస్తున్నరు,
ఖాళీగ ఉంది గదా అని.
ఖాళీ ఎంత లోతుకుందో
రాయిని అడిగినోళ్లు లేరు.

చెరువు మట్టి అంటే మాకు ఎరువు.
ఎండకాలం బండ్లు కట్టి తోలి చెలకల చల్లితే
జొన్న మనిషెత్తు లేచేది.
అందుకే ఊరోళ్లు అడ్డం చెప్పలే.
మా మడిల గూడ రెండు ట్రిప్పులు పొయ్యమని
ఖాజామియా టిప్పరుకు చేతులూపిండ్రు.

ఆ మట్టి పిడికిట పట్టి చూసిన.
నల్లగ, జిగటగ, తారు వాసన.
పట్నం కడుక్కున్న చేతులన్నీ అండ్లున్నయి.
ఒక షాంపూ ప్యాకెట్టు మీద
నవ్వుతున్న మొఖం ఇంకా మాయలే.

నీళ్లల్ల మునిగున్నంత కాలం అది పండుకొని ఉంటది.
గాలి తగిలి, ఎండి, నెర్రెలు బడి,
మీద ఒక వాన కొడితే
పట్టుకున్నదాన్ని వదులుతది.
ట్రైనింగుల రాసుకున్న మాట ఇది.
మిర్గానికి ఇంక పదకొండు రోజులు.

ఆఫీసు నక్షల బాణం ఉత్తరానికుంది.
వాలు అటు, గనుక నీళ్లూ అటే.
ఉత్తరాన ఇండ్లు లేవు, గుట్ట, సర్కారు తుమ్మలు.
"ముప్పు: తక్కువ" అని పెన్సిలుతోని రాసే పంపిండ్రు,
నేను పెన్నుతోని దిద్దితే చాలు.

మైసయ్య వచ్చి పక్కన గొంతుక్కూసున్నడు.
ఆ క్వారీల ఇరవై ఏండ్లు సుత్తె కొట్టినోడు,
ఎడమ చెవి ఆన్నే పోయింది.
నక్ష చూసి, మలిపి, నా ఒళ్లె పెట్టిండు.
"అండాలు బోరేసిన్నాడు నేను గుంతల్నే ఉన్న.
ఆడ మూడొందల అడుగుల్ల బండి గాలి కొడుతుంటే
ఈడ తూర్పు గోడ పర్రెలకెళ్లి
తెల్లటి దుబ్బ ఉఫ్ఫున లేసి
నా సద్ది మీద పడ్డది.
వాన పోయేది వాలుకు, బిడ్డా.
ఊట పోయేది పర్రెకు."

అండాలు బోరు తూర్పున, రెండొందల పది మీటర్లు.
పద్దెనిమిది ఇండ్లకు అదే నల్లా.
సీసా మూడుమాట్ల తొలిచి నింపుతుంటే అడిగింది:
"ఫ్లోరైడుతోని మా అత్త నడుం వంగింది.
అది మా రాయిల పుట్టిన ఇసం,
ఇంటిదే అనుకొని ఓర్సుకున్నం.
ఇది ఎవ్వరిది?"
నా దగ్గర ఐసు డబ్బా ఉంది, లేబుళ్లున్నయి.
రిపోర్టుకు ఇరవై దినాలు.

రబ్బరు లేదు, బొటనవేలు తడిచేసి
పెన్సిలు గీత రుద్దిన.
గడి చాలక కాయితం వెనక రాసిన:
తూర్పు గోడల పర్రె ఉంది. సాక్షి మైసయ్య, రాతిపని.
టిప్పర్లు ఇయ్యాల్నే ఆపాలె.
పోసినదాని మీద పరదా, చుట్టు వాన కాల్వ, మిర్గం లోపలే.
పర్రెకూ బోరుకూ నడుమ రెండు పరీక్ష బోర్లు,
నెలకు కాదు, వారం వారం చూడాలె.
అడుగున బంకమట్టి పరవలే గనుక
ఎత్తి వేరే తావుకు మార్చే లెక్క గూడ కట్టాలె.
ఆ పద్దెనిమిది ఇండ్లకు ట్యాంకరు నీళ్లు.
ముప్పు ఎదురుగ కొద్దిసేపు పెన్ను ఆగింది.
ఎక్కువ. మూడక్షరాలే.

ఖాజామియా ఇంకో లోడు తెచ్చి
గుంత అంచున ఇంజను బందు చేసిండు.
"పొయ్యాల్నా, వద్దా?"
వద్దనే అధికారం నాకు లేదు,
వద్దన్న.

అవతల అండాలు దూడను
తొట్టి కాన్నుంచి గుంజి కడుతున్నది.
దాని మూతి అప్పటికే తడిగున్నది.